విజయము తరువాత మూయబడిన చెవి: అమజ్యా యుద్ధ కథనముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

యూదా రాజైన అమజ్యా మన ప్రసంగపీఠములపై తరచు వినబడు పేరు కాదు. వినబడినప్పుడు సాధారణముగా రెండు సందర్భములలో వినబడును. మొదటిది కానుకలను గూర్చిన ప్రసంగము. కిరాయి సేనకు చెల్లించిన వెండి పోవునే అని వెనుకాడిన రాజుతో, అంతకంటె ఎక్కువ ఇచ్చుటకు యెహోవా సమర్థుడని ఒక దైవజనుడు చెప్పిన మాట అక్కడ ఆర్థికాశీర్వాదపు వాగ్దానముగా మారిపోవును. రెండవది గర్వమును గూర్చిన ప్రసంగము. ఎదోమీయులను గెలిచిన రాజు గర్వించి ఇశ్రాయేలు రాజుచేత ఓడిపోయెను, కాబట్టి మనము గర్వింపకూడదు అని చెప్పి ముగించుట పరిపాటి.

మొదటి వాడుక వాక్యమును దాని సందర్భమునుండి వేరుచేయుచున్నది. చెల్లించిన డబ్బు నష్టపోయినను ఫరవాలేదు, విధేయుడవు కమ్మని చెప్పిన మాటను డబ్బు సంపాదించు మార్గముగా త్రిప్పుచున్నది. రెండవ వాడుక తప్పు కాదు గాని, అది చాలదు. గర్వమును ఒకవైపు, ఓటమిని మరియొకవైపు ఉంచి, నడుమ దేవుని శిక్ష అను ఒక్క మాట వేసి ఊరకుండుట వలన గర్వము ఏ దారిన ఓటమికి చేరునో విశ్వాసికి తెలియదు. తెలియనప్పుడు, ఆ దారిలో తానే నడుచుచున్నను గుర్తుపట్టలేడు.

ఈ వ్యాసము యొక్క వాదము క్లుప్తముగా ఇది. అమజ్యా కథనములో గర్వము కేవలము హృదయములోని ఒక దుర్గుణముగా మిగిలిపోలేదు. అది ఒక పని చేసెను; అది రాజు చెవిని మూసెను. ఆలోచన చెప్పువారిని తొలగించుకొనిన నాయకుడు తన బలమును, ఎదుటివాని బలమును సరిగా తూచలేడు. యుద్ధఫలితము రణరంగమునకు చేరకముందే సగము అక్కడనే నిర్ణయమగును. ఆ ఫలితమును మోయువారు మాత్రము చాలవరకు నాయకుడు కాదు, అతని ప్రజలు.

1. రెండు కథనములు

అమజ్యా పరిపాలన 2 రాజులు 14:1-20లోను, 2 దినవృత్తాంతములు 25వ అధ్యాయములోను కనబడుచున్నది. అతడు సుమారుగా క్రీ.పూ. 8వ శతాబ్దపు తొలిభాగమునకు చెందినవాడు. ఇరువదియైదు ఏండ్ల ప్రాయమున రాజై, ఇరువదితొమ్మిది సంవత్సరములు యెరూషలేములో ఏలెనని రెండు గ్రంథములును చెప్పుచున్నవి.

రాజుల గ్రంథకర్త కథను బహు పొదుపుగా చెప్పెను. అమజ్యా ఉప్పులోయలో పదివేలమంది ఎదోమీయులను హతముచేసి, సెలను పట్టుకొని, దానికి యొక్తయేలని పేరు పెట్టెను. వెంటనే ఇశ్రాయేలు రాజైన యెహోయాషునొద్దకు దూతలను పంపి, ముఖాముఖిగా చూచుకొందము రమ్మని సవాలు చేసెను. యెహోయాషు ముండ్లచెట్టు, దేవదారు వృక్షముల ఉపమానముతో జవాబిచ్చెను. అమజ్యా వినలేదు. బేత్షెమెషునొద్ద ఓడిపోయెను.

దినవృత్తాంతముల గ్రంథకర్త ఈ చట్టమును అట్లే ఉంచి, లోపల నాలుగు సంగతులను చేర్చెను. ఎదోము యుద్ధమునకు ముందు ఇశ్రాయేలునుండి లక్షమందిని హెబ్రీ మూలము ప్రకారము నూరు తలాంతుల వెండికి కుదుర్చుకొనుట, దైవజనుని మాట విని వారిని పంపివేయుట ఒకటి. పంపివేయబడినవారు కోపముతో యూదా పట్టణములపై పడి మూడువేలమందిని చంపుట రెండవది. అమజ్యా శేయీరీయుల దేవతలను తెచ్చి పూజించుట మూడవది. దానిని ఖండించిన ప్రవక్తను రాజు బెదిరించి నోరు మూయించుట నాలుగవది. ఈ అధ్యాయములోని పెద్ద సంఖ్యలను గూర్చి పండితులలో చర్చ కలదు. వేయి అను అర్థమిచ్చు ఎలెఫ్ అను హెబ్రీ పదమునకు సేనాదళము అను అర్థము కూడ ఉన్నది. మన పరిశీలనకు ఆ చర్చ అడ్డు కాదు.

రాజుల గ్రంథమును మాత్రమే చదివినవాడు ఇది రాజకీయ అవివేకమని తలంచును. దినవృత్తాంతములను మాత్రమే చదివినవాడు ఇది విగ్రహారాధనకు వచ్చిన శిక్షయని తలంచును. రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడు, అవివేకమునకును అవిధేయతకును నడుమనున్న బంధము బయలుపడుచున్నది.

2. ఇద్దరు ప్రవక్తల నడుమ ఒక విజయము

దినవృత్తాంతముల కథనపు కట్టడిని గమనింపవలెను. రాజునొద్దకు దేవుని పక్షమున ఇద్దరు వచ్చిరి. మొదటివాడు యుద్ధమునకు ముందు వచ్చెను (25:7-9). రెండవవాడు యుద్ధము తరువాత వచ్చెను (25:15-16). ఇద్దరి పేర్లును చెప్పబడలేదు. ఇద్దరును రాజునకు ఇష్టములేని మాటనే చెప్పిరి. కాని రాజు జవాబు రెండు విధములుగా ఉన్నది.

మొదటివానితో అతడు వాదించెను, అయితే అది వినువాని వాదము. ఇచ్చిన వెండి సంగతి ఏమని అడిగెను. జవాబు విని, నష్టమునకు ఒప్పుకొని, లక్షమందిని ఇంటికి పంపివేసెను. యుద్ధమునకు బయలుదేరుచున్న రాజు తన సైన్యములో నాలుగవవంతును ఒక ప్రవక్త మాటపై వదలుకొనుట సామాన్యమైన విషయము కాదు. కావున అమజ్యా పుట్టుకతోనే చెవిటివాడు కాడు. వినుట అతనికి తెలియును.

రెండవవానిని అతడు మాట ముగించనియ్యలేదు. నిన్ను రాజునకు ఆలోచనకర్తగా ఎవరు నియమించిరని అడిగి, మానకపోయినయెడల దెబ్బలు తప్పవని సూచించెను. ఆ బెదిరింపు వెనుక ఒక జ్ఞాపకమున్నది. అతని తండ్రి యోవాషు, తనను గద్దించిన యాజకుడైన యెహోయాదా కుమారుడగు జెకర్యాను మందిరపు ఆవరణములోనే రాళ్లతో కొట్టించెను (2 దిన. 24:20-22). ఆ రక్తమునుబట్టియే తండ్రి తన సేవకులచేత హతుడాయెను (24:25). ఇది కుమారునికి తెలియని సంగతి కాదు. తెలిసియు అదే బెదిరింపును నోట తెచ్చుకొనెను.

ఈ రెండు సన్నివేశముల నడుమ జరిగినది ఏమి? ఒక విజయము. గ్రంథకర్త వేరొక కారణమును చూపలేదు. అవసరములో ఉన్నప్పుడు ప్రవక్త ఆలోచనకర్త. గెలిచిన తరువాత అదే ప్రవక్త చొరబాటుదారుడు. విజయము అమజ్యాకు భూమిని ఇచ్చెను, చెవిని తీసికొనెను.

ఆ విజయములోనే మార్పు చిహ్నములు కనబడుచున్నవి. పరిపాలన ఆరంభములో తన తండ్రిని చంపినవారిని శిక్షించినప్పుడు, మోషే ధర్మశాస్త్రమును అనుసరించి వారి పిల్లలను చంపక విడిచెను (ద్వితీయోపదేశకాండము 24:16 చూడుము). అదే రాజు ఉప్పులోయ తరువాత, ప్రాణముతో పట్టుబడిన మరి పదివేలమందిని కొండశిఖరమునుండి పడద్రోసెనని 25:12 చెప్పుచున్నది. గ్రంథకర్త దీనిపై ఏ వ్యాఖ్యయు చేయలేదు. ఆ మౌనమును మెప్పుగా తీసికొనరాదు. పగవాని పిల్లలను ధర్మశాస్త్రమునుబట్టి విడిచిన చేయి, చేతికి చిక్కిన ఖైదీలను విడువలేదు. ఈ వచనమును మన ప్రసంగములు మౌనముగా దాటిపోవుట విచారకరము.

3. ఆలోచన అను మాట

ఇక్కడ మూలభాష మనకొక సహాయము చేయుచున్నది. 25:16-17 వచనములలో, ఆలోచన చెప్పుట, ఆలోచన చేయుట అను అర్థములిచ్చు యాఅత్స్ అను హెబ్రీ ధాతువునకు చెందిన పదములు నాలుగుమారులు వచ్చినవి. ప్రవక్త రాజునకు ఆలోచనకర్త కాడని రాజు చెప్పినప్పుడు ఒకమారు. రాజును నశింపజేయ దేవుడు తీర్మానించెనని ప్రవక్త చెప్పినప్పుడు రెండవమారు. ఆ తీర్మానమునకు వాడబడిన క్రియాపదము ఇదే ధాతువుది. తన ఆలోచనను రాజు వినలేదని ప్రవక్త చెప్పినప్పుడు మూడవమారు. తరువాతి వచనములో అమజ్యా ఆలోచన చేసికొని యెహోయాషునొద్దకు దూతలను పంపెనని చెప్పినప్పుడు నాలుగవమారు.

ఇది యాదృచ్ఛికము కాదు. దేవుడు పంపిన ఆలోచనను త్రోసివేసిన రాజు ఆలోచన లేకుండ ఉండిపోలేదు. మరియొక ఆలోచన చేసికొనెను. ఎవరితో చేసెనో గ్రంథము చెప్పలేదు; ఒక్క ఆలోచనకర్త పేరైనను, ఒక్క పెద్ద పేరైనను అక్కడ లేదు. రెహబాము దినములలో సయితము ఇట్లే జరిగెను. అతడు పెద్దల ఆలోచనను విడిచి, తనతో పెరిగిన యౌవనుల ఆలోచనను పట్టుకొనెను (2 దిన. 10:6-11), రాజ్యము రెండుగా చీలెను. అహాబు నాలుగువందలమంది ప్రవక్తల ఏకాభిప్రాయముతో రామోత్గిలాదునకు బయలుదేరెను. భిన్నముగా చెప్పిన మీకాయాకు చెరసాల దొరికెను (1 రాజులు 22).

కాబట్టి గర్వించిన నాయకుడు ఎవరిని సంప్రదింపడని మనమనుకొనుట పొరపాటు. అతడు సంప్రదించును. అయితే ఆ సభలో కాదనువాడు ఉండడు. ఆలోచన అను పేరు మిగులును, దాని పని పోవును. ఆలోచనకర్తల సంఖ్య ఎక్కువగుట రక్షణ కాదు. అహాబునకు నాలుగువందలమంది ఉండిరి.

4. న్యాయమైన ఫిర్యాదు

అమజ్యా యెహోయాషును ఎందుకు సవాలు చేసెను? రాజుల గ్రంథము కారణము చెప్పలేదు. ఎదోము జయము తరువాత అతని హృదయము హెచ్చించుకొనెనని యెహోయాషు నోట మాత్రమే వినుచున్నాము (14:10). ఉపమానములోని వివాహ ప్రస్తావననుబట్టి, మొదట అమజ్యా కోరినది సంధియే గాని యుద్ధము కాదేమోయని కొందరు వ్యాఖ్యాతలు ఊహించిరి. అయితే ఇప్పుడున్న రూపములో రెండు కథనములును దానిని యుద్ధ సవాలుగానే చూపుచున్నవి.

దినవృత్తాంతముల గ్రంథకర్త మాత్రము 25:13లో ఒక బలమైన కారణమును మన ముందుంచెను. పంపివేయబడిన ఇశ్రాయేలు సైనికులు యూదా పట్టణములను దోచి మూడువేలమందిని చంపిరి. ఇది కల్పితమైన అవమానము కాదు. రాజు న్యాయము అడుగవలసిన సంగతియే. యెహోయాషు జవాబులో ఆ మూడువేలమందిని గూర్చి ఒక్క మాటయు లేదు.

ఇక్కడ మన సాధారణ వ్యాఖ్యానము కొంత కఠినమైన ప్రశ్నను ఎదుర్కొనవలెను. గర్వించినవాడు ఎల్లప్పుడును అన్యాయమైన పక్షమున ఉండడు. ఫిర్యాదు న్యాయమైనదే కావచ్చును. గర్వము ఆ న్యాయమును వాహనముగా చేసికొని ప్రయాణము చేయును. మాకు అన్యాయము జరిగెను అను మాట నిజమైనప్పుడు, మేము గెలిచెదము అను మాట కూడ నిజమని తోచును. మొదటిది న్యాయమునకు సంబంధించినది, రెండవది బలమునకు సంబంధించినది. ఈ రెంటిని వేరుచేసి చూపగలవాడు ఆలోచనకర్త. అతనిని అమజ్యా అప్పటికే పంపివేసెను.

5. దేవదారు గర్వము

ముండ్లచెట్టు ఉపమానమును మనము తరచు దేవుని తీర్పు మాటవలె చదువుదుము. అది దేవుని మాట కాదు, యెహోయాషు మాట. ఆ రాజు యెహోవా దృష్టికి చెడుతనము జరిగించెనని 2 రాజులు 13:11 స్పష్టముగా చెప్పుచున్నది. అతని సైనిక అంచనా సరియైనదే. అతడు అరాము రాజుతో యుద్ధముచేసి మూడుమారులు గెలిచి, పోయిన పట్టణములను మరల పట్టుకొనినవాడు (13:25). ఒక లోయలో ఎదోమును గెలిచిన యూదాకు, అరాముతో పోరాడి ఆరితేరిన ఇశ్రాయేలుకు గల భేదము అతనికి తెలియును. ఇంటనే ఉండుము, నీవును నీతోకూడ యూదావారును కూలనేల అను అర్థముగల అతని హెచ్చరిక వినదగినది.

అయితే చెప్పిన తీరు వినదగినది కాదు. ఎదుటి రాజును ముండ్లచెట్టుగాను, తన్ను లెబానోను దేవదారుగాను పోల్చుకొని, అడవిమృగపు కాలిక్రింద త్రొక్కబడుదువని చెప్పిన తరువాత, వెనుకకు తగ్గుట ఏ రాజునకైనను కష్టము. సత్యమును అవమానపు మూటలో కట్టి పంపినవాడు, అది తిరస్కరింపబడినప్పుడు తాను పూర్తిగా నిర్దోషినని చెప్పలేడు.

ఈ దేవదారు ఎంత ఎత్తైనదో బైబిలు వెలుపలి సాక్ష్యము చెప్పుచున్నది. ఉత్తర ఇరాకులోని టెల్ అల్-రిమా అను చోట 1967లో దొరికిన అష్షూరు రాజు మూడవ అదాద్-నిరారి శిలాఫలకముపై, కప్పము చెల్లించినవారిలో షోమ్రోను రాజు పేరు చెక్కబడియున్నది. అతడు ఈ యెహోయాషే అని పండితులు సాధారణముగా అంగీకరింతురు. యూదా ముందు దేవదారుగా నిలిచినవాడు అష్షూరు ముందు వంగినవాడే. సుమారు క్రీ.పూ. 722లో అదే అష్షూరు చేతిలో షోమ్రోను కూలిపోయెను. కాబట్టి బేత్షెమెషు విజయమును వినయమునకు దొరికిన బహుమానముగా చదువుటకు వీలులేదు. ఇద్దరు గర్విష్ఠులు పోరాడినప్పుడు కూడ ఒకడు గెలుచును. గెలుపు నీతికి రుజువు కాదు.

6. దేవుని తీర్పా, రాజు తప్పా?

25:20లో దినవృత్తాంతముల గ్రంథకర్త, అమజ్యా వినకపోవుట దేవునివలన కలిగినదని, వారు ఎదోమీయుల దేవతలను వెదకినందున ఇట్లు జరిగెనని చెప్పుచున్నాడు. దీనిని చూచి, రాజు గర్వమును గూర్చిన చర్చ అనవసరమనియు, దేవుడే అతని చెవిని మూసెననియు కొందరు చెప్పవచ్చును.

అయితే వరుసను గమనించుడి. దేవుడు చెవిని మూసెనని చెప్పకముందు ఆ చెవికి ఒక ప్రవక్త పంపబడెను. రాజు తానే అతనిని ఆపెను. ఆపిన తరువాతనే తీర్పు పలుకబడెను. నిర్గమకాండములో ఫరో మొదట తన హృదయమును తానే కఠినపరచుకొనెను (8:15, 32). తరువాత యెహోవా అతని హృదయమును కఠినపరచెనని చదువుదుము (9:12). దేవుని తీర్పు మనుష్యుని తప్పును తొలగించి దాని స్థానములో కూర్చుండలేదు. అతడు కోరుకొనిన చెవుడునకే అతనిని అప్పగించెను. ఆకాశమునుండి అగ్ని కురియలేదు. తన బలమును తూచుకొనలేని రాజు, తనకంటె బలవంతుని తానే పిలిచెను. అదే తీర్పు జరిగిన విధము.

పోరు జరిగిన స్థలము కూడ దీనినే తెలుపుచున్నది. రమ్మని పిలిచినది అమజ్యా, కదలివచ్చినది యెహోయాషు. యుద్ధము ఇశ్రాయేలు నేలపై జరుగలేదు. యూదా సంబంధమైన బేత్షెమెషునొద్ద, యెరూషలేమునకు పశ్చిమముగా కొండలలోనికి దారి తెరచుచోట జరిగెను. సవాలు చేసినవాడు తన ఇంటి వాకిటనే ఓడిపోయెను.

7. వెల చెల్లించినది ఎవరు?

ఓటమి లెక్కను రెండు గ్రంథములును జాగ్రత్తగా వ్రాసినవి. యూదావారు తమ తమ డేరాలకు పారిపోయిరి. ఎఫ్రాయిము గుమ్మము మొదలుకొని మూలగుమ్మము వరకు యెరూషలేము ప్రాకారము నాలుగువందల మూరలు, అనగా సుమారు 180 మీటర్లు, పడగొట్టబడెను. మందిరపు వెండి బంగారములు, ఉపకరణములు, రాజనగరు సొమ్ము దోచుకొనబడెను. కొందరు మనుష్యులు కుదువగా షోమ్రోనునకు కొనిపోబడిరి.

రాజు సంగతి ఏమి? అతడు పట్టుబడెను గాని బ్రదికెను. యెహోయాషు మరణించిన తరువాత పదునైదు సంవత్సరములు జీవించెను (2 రాజులు 14:17). చివరకు కుట్రకు భయపడి లాకీషునకు పారిపోయి అక్కడ చంపబడెను, అది నిజమే. కాని కుదువగా పోయినవారి పేర్లు ఎక్కడను లేవు. వారు తిరిగి వచ్చిరో లేదో గ్రంథము చెప్పలేదు. ప్రాకారము లేని పట్టణములో ఆ రాత్రి పండుకొనిన కుటుంబములు ముండ్లచెట్టు ఉపమానమును వినలేదు, సవాలు పంపలేదు.

రాజు గర్వము ప్రజల వ్యవహారము గనుకనే ద్వితీయోపదేశకాండము 17:20 రాజు హృదయము తన సహోదరులపై హెచ్చింపబడకూడదని రాజధర్మములోనే వ్రాసెను. అది రాజు వ్యక్తిగత భక్తికి మాత్రమే సంబంధించిన సలహా కాదు. అది దేశ రక్షణకు సంబంధించిన శాసనము.

8. చరిత్రనుండి ఒక సాక్ష్యము: కుట్

ఈ క్రమము ప్రాచీన రాజులతో ముగిసిపోలేదని చూపుటకు, బైబిలు దేశముల నేలపైనే, మన దేశపు సైనికులు అధికముగా పాల్గొనిన ఒక యుద్ధమును చూచుట ప్రయోజనకరము. మొదటి ప్రపంచయుద్ధములో బ్రిటిషు ఇండియా సైన్యము మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాకులో, టర్కీ సైన్యముతో పోరాడెను. 1915లో వరుసగా విజయములు కలిగెను. సెప్టెంబరులో టైగ్రీసు నదిపైనున్న కుట్ పట్టణము వారి చేజిక్కెను. ఆ విజయముల వేడిలో సర్వసేనాధిపతియైన జాన్ నిక్సన్ బాగ్దాదు వరకు పోవలెనని పట్టుబట్టెను. ముందు నడువవలసిన సేనాని చార్లెస్ టౌన్షెండ్ ఉన్న బలము చాలదని తెలిపెను. అయినను ఆజ్ఞకు లోబడి కదలెను. గెలీపొలీలో దెబ్బతిన్న ప్రతిష్ఠను బాగ్దాదుతో నిలుపుకొనవలెనను ఆశ లండనులోని పాలకులకును కలదు.

1915 నవంబరులో టెసిఫోనునొద్ద జరిగిన పోరులో ఆ సేనలో 4,000 మందికి పైగా మరణించిరి లేక గాయపడిరి. మిగిలినవారు కుట్‌కు వెనుదిరిగి, డిసెంబరునుండి ముట్టడిలో చిక్కుకొనిరి. వారిని విడిపించు ప్రయత్నములలో మరి దాదాపు 23,000 మంది హతులో క్షతగాత్రులో అయిరి. 1916 ఏప్రిల్ 29న, ఆకలితో కృశించిన దాదాపు 13,000 మంది లొంగిపోయిరి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. ఎడారి నడకలోను, చెరలోను వేలమంది చనిపోయిరి. టౌన్షెండ్ మాత్రము ఇస్తాంబుల్ సమీప ద్వీపములో యుద్ధము ముగియువరకు సౌకర్యముగా ఉండెను.

ఈ చరిత్రలో మనకు అతి ముఖ్యమైనది ఒక వైద్యుని సంగతి. టెసిఫోను గాయాళ్లతో నిండిన పడవలు బస్రా చేరినప్పుడు, కట్టులు మార్చువారు లేక, మలమూత్రముల నడుమ పడియున్న సైనికులను ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన మేజర్ కార్టర్ చూచెను. చూచినది చూచినట్లు వ్రాసి పైకి పంపెను. పైఅధికారులు అతనిని జోక్యము చేసికొనువాడని గద్దించి, నిర్బంధింతుమని బెదిరించిరి. తరువాత నియమింపబడిన మెసపొటేమియా కమిషను 1917లో ప్రకటించిన నివేదికలో అతని సాక్ష్యమును అంగీకరించెను; ముందడుగునకు ప్రధాన బాధ్యతను నిక్సన్‌పై మోపెను. ఆ నివేదిక ఫలితముగా భారత వ్యవహారముల మంత్రి ఆస్టెన్ చాంబర్లెయిన్ రాజీనామా చేసెను.

నిన్ను ఆలోచనకర్తగా ఎవరు నియమించిరి అను అమజ్యా ప్రశ్నయే ఆ వైద్యునికి కూడ ఎదురాయెను. అయితే ఒక భేదము గలదు. ఓడిన తరువాతనైనను విచారణ జరిపి, బాధ్యుల పేర్లు వ్రాసి, ప్రజల ముందుంచుట ఆ దేశపు శాసనసభకు సాధ్యపడెను. ఇశ్రాయేలు చరిత్రలో ఆ పనిని చేసినవారు రాజుల, దినవృత్తాంతముల గ్రంథకర్తలు. తమ రాజవంశపు ఓటమిని, ప్రాకారపు మూరలతో సహా, దాచక వ్రాసిరి. పరిశుద్ధ గ్రంథము తన నాయకులను విమర్శించు గ్రంథము అనునది మనము మరువరాదు.

9. మన సంఘములకు

ఈ పరిశీలననుండి కాపరులకును వేదాంత విద్యార్థులకును మూడు అన్వయములను సూచింపవచ్చును.

మొదటిది, యుద్ధకాలమందు ప్రసంగపీఠము బాధ్యత. దేశములు యుద్ధమునకు సిద్ధమైనప్పుడు విజయము నిశ్చయమని పలుకుమని సంఘముపై ఒత్తిడి కలుగును. దేశమును ప్రేమించి సైనికుల కొరకు ప్రార్థించుట మన విధి. అయితే అహాబు నాలుగువందలమంది ప్రవక్తలలో ఒకరిగా చేరుట మన విధి కాదు. వెల ఎవరు చెల్లింతురో అడుగు స్వరము సంఘములో ఉండవలెను.

రెండవది, సంఘములలోని మన సొంత యుద్ధములు. సంఘ ఆస్తులను, పదవులను గూర్చిన వ్యాజ్యములు అనేకము న్యాయమైన ఫిర్యాదుతోనే ఆరంభమగును. ఒక చిన్న విజయము, ఒక ఎన్నిక లేక ఒక తీర్పు, అనుకూలముగా వచ్చినంతనే, తరువాతి పోరాటమునకు ఆలోచన అడుగుట మానుదుము. సంవత్సరములు గడచిన తరువాత చూచినయెడల, మందిరపు ఖజానా ఖాళీయై, విశ్వాసులు తమ తమ డేరాలకు చెదిరిపోయియుందురు.

మూడవది, అభిషిక్తులను ముట్టకూడదను మాట వాడుక. కీర్తన 105:14-15లో ఆ మాట రాజులను హెచ్చరించుటకు చెప్పబడెను. కాపాడబడినవారు బలము లేక దేశదేశములు తిరిగిన పితరులు. మన మధ్య అది తరచు తలక్రిందులై, లెక్క అడిగిన పెద్దను నోరు మూయించుటకు అధికారములో ఉన్నవాడు వాడుకొనునదిగా మారినది. అమజ్యా కథలో నోరు మూయింపబడినవాడు రాజు కాడు, ప్రవక్త.

ఒక నాయకుడు వినయుడో కాడో అతని ప్రార్థనలోని మాటలనుబట్టి తేల్చుట కష్టము. తనకు కాదని చెప్పినవాడు మరుసటి సంవత్సరము ఆ సభలో ఉన్నాడా లేడా అని చూచిన చాలును. వేదాంత కళాశాలలలో నాయకత్వమును బోధించు మనము, దర్శనమును గూర్చియు ధైర్యమును గూర్చియు బోధించినంతగా, విరోధమైన మాటను వినుటను గూర్చి బోధించుచున్నామా అని ప్రశ్నించుకొనవలసియున్నది.

ముగింపు

అమజ్యా కుమారుడైన ఉజ్జియా, తండ్రి కాలమున పడగొట్టబడిన మూలగుమ్మమునొద్ద దుర్గములు కట్టించెను (2 దిన. 26:9). రాళ్లు మరల నిలిచెను. అయితే తాను స్థిరపడిన తరువాత అతని మనస్సును గర్వించెను (26:16). తన్ను ఆపిన యాజకులపై కోపించి కుష్ఠరోగియాయెను. ప్రాకారమును బాగుచేసినవాడు తండ్రి చెవిని బాగుచేసికొనలేదు. దినవృత్తాంతముల గ్రంథకర్త ఈ రెండు అధ్యాయములను వరుసగా ఉంచుట మనకు హెచ్చరికగా ఉన్నది.

25:16లో చివరగా ఒక చిన్న మాట ఉన్నది. రాజు బెదిరించినప్పుడు ప్రవక్త తన తుదిమాట చెప్పి మానెను. ఆ తరువాత అమజ్యా సభలో అతనికి ఎదురు చెప్పిన స్వరము మరి వినబడదు. రాజు దానిని శాంతియని తలంచియుండవచ్చును. అది బేత్షెమెషుకు ముందున్న నిశ్శబ్దము. మన సంఘములలోను, సంస్థలలోను ఎవరును విమర్శింపని దినములు వచ్చినప్పుడు, అది ఐక్యతయో, లేక చెప్పువారు మానుకొనిరో విచారించి తెలిసికొనుట కాపరి పని.